మూసీ గౌరెల్లి దగ్గర ఆగదు: నది పనులు చూసే అధికారులకు బహిరంగ లేఖ

మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అధికారులకు, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు, పురపాలక, నీటిపారుదల శాఖల్లో ఈ ఫైళ్ళు చూసేవాళ్ళందరికీ నమస్కారం.

మాది వలిగొండ వైపు, మూసీ ఆయకట్టు మీద బతికే ఊరు. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లూ పొలమూ ఊళ్ళో. వారమంతా నేను సిటీలో వాడి వదిలిన నీళ్ళే కొన్నాళ్ళకు మా కాలువలోకి వస్తాయి కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ చూసే అవకాశం నాకుంది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను, మీటింగుల్లో మాట్లాడే అవకాశం మా ఊరివాళ్ళకు ఎలాగూ రావడం లేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీ ప్రాజెక్టు పడమట నార్సింగి దగ్గర మొదలై తూర్పున గౌరెల్లి దగ్గర అయిపోతుంది. 55 కిలోమీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాకా. కానీ మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా దాదాపు 240 కిలోమీటర్లు నడుస్తుంది. గౌరెల్లి దాటాక ఉన్న నదికి ప్లాన్ ఏమిటి, బడ్జెట్ ఎంత, బాధ్యత ఏ ఆఫీసుది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో కలుషితమైన నదీ భాగాల జాబితా వేసినప్పుడు మూసీని మొదటి కేటగిరీలో పెట్టింది, అంటే బీవోడీ (నీళ్ళలోని మురికి కుళ్ళడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిన నదుల్లో. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో అది 3 దాటకూడదు. ఆ జాబితాలో మూసీ పక్కన రాసింది హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా అని. కొలిచినప్పుడు నది నల్గొండ దాకా ఉంది, ఖర్చుపెట్టే రోజు వచ్చేసరికి గౌరెల్లి దగ్గరే ఎందుకు ఆగింది?

నాకు తోచిన కారణం భూమి ధర. నార్సింగి పక్కనే కోకాపేట. 2023 ఆగస్టులో అక్కడ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడి నుంచి నది వెంట కిందికి వచ్చేకొద్దీ ధర పడిపోతూ ఉంటుంది, మురుగు పెరుగుతూ ఉంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. భూమి చవగ్గా ఉన్నచోటికి మురుగును పంపడం తేలిక, అడిగేవాళ్ళు తక్కువ. మురుగు వచ్చాక ఆ భూమి ఇంకా చవకవుతుంది, దాంతో తర్వాత వచ్చే డంపు యార్డుకో ఫ్యాక్టరీకో అదే జాగ అనుకూలంగా కనిపిస్తుంది. నలభై యాభై ఏళ్ళుగా హైదరాబాద్ చుట్టూ జరిగింది ఇదే, మీ పాత ఫైళ్ళలో అంతా ఉంది.

పటాన్‌చెరు సంగతే తీసుకోండి. బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, పాశమైలారం చుట్టూ మందుల కంపెనీలు వచ్చాయి, ఆ వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరాలోకి పోయాయి. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. తర్వాత అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ తేలింది, ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ! వాళ్ళ అంచనాలో ఒక్క రోజులో బయటికి పోయే ఆ ఒక్క మందే దాదాపు 45 కిలోలు. ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరు రాసిచ్చే గోళీ మందు అది, వాగులో పారింది.

ఇక దానికి దొరికిన పరిష్కారం ఏమిటో చూడండి. నక్కవాగు ఊళ్ళు కోర్టులో గట్టిగా పోరాడాయి కాబట్టి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ శుద్ధి కేంద్రం నీళ్ళను సిటీ సీవరేజీ మెయిన్‌లో కలిపి అంబర్‌పేట ఎస్టీపీకి (మురుగు శుద్ధి కేంద్రానికి) పంపారు. జీడిమెట్ల కేంద్రం నీళ్ళూ అంబర్‌పేటకే. అక్కడి నుంచి మూసీలోకి, మూసీలో నుంచి మా మడుల్లోకి. ఎస్టీపీ అనేది ఇళ్ళ మురుగు కోసం కట్టేది. మలమూత్రాల్లోని సేంద్రియ పదార్థాన్ని అది తగ్గించగలదు కానీ కరిగిన ఉప్పులు దానికి చిక్కవు, మందుల అవశేషాలు పూర్తిగా పోవు. ఈ విషయం మీ ఇంజినీర్లకు నాకంటే బాగా తెలుసు. పటాన్‌చెరు మనుషుల కష్టం నిజం, వాళ్ళ పోరాటం న్యాయమైనది, వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు మీ మీదే. ఒక ఊరి కష్టాన్ని ఇంకో ఊరికి పైపులో పంపి దాన్ని పరిష్కారం అని ఎలా రాసుకున్నారు? అంబర్‌పేట కింద ఉన్న ఊళ్ళలో ఒక్క గ్రామసభ పెట్టి అడిగారా, ఈ నీళ్ళు మీకు పంపుతున్నాం, మీకు సమ్మతమేనా అని? మా ఊళ్ళో మాత్రం ఎవరూ అడగలేదు.

కేంద్రం చేసింది ఇంకా బాధ కలిగించింది. 2020 జనవరిలో మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో 121 యాంటీబయోటిక్స్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చారు. అది చూసి, ఇన్నాళ్ళకు ఒక నంబరైనా వచ్చింది, దాటితే అడగొచ్చు అనుకున్నాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులే లేవు. పరిమితి లేకపోతే ఉల్లంఘన లేదు, ఉల్లంఘన లేకపోతే కేసు లేదు. ఇది ఢిల్లీ నిర్ణయమే కావచ్చు, కానీ కేంద్రం పెట్టకపోయినా అంతకంటే కఠినమైన ప్రమాణాలు రాష్ట్ర మండలి పెట్టుకోవచ్చు. దేశంలో బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి వాడే ముడి మందులు) ఎక్కువగా తయారయ్యే చోట్లలో మనది ఒకటని ఇన్వెస్టర్ల మీటింగుల్లో గర్వంగా చెప్తున్నప్పుడు, ఆ మందుల పరిమితులు కూడా ముందు మన రాష్ట్రంలోనే వచ్చి ఉండాలి కదా.

ఆ నీళ్ళలో పని చేసేది ఎవరో కూడా చెప్పాలి. మూసీ రైతు అని ఒక్క మాటలో అంటుంటారు కానీ మా ఊళ్ళో అందరి మీదా ఈ నది ఒకేలా పడదు. భూమీ డబ్బూ ఉన్నవాళ్ళు ఇంటి అవసరాలకు బోరు వేసుకుంటారు, తినడానికి రెండు మడులు బోరు కింద పండించుకుంటారు, క్యాన్ నీళ్ళు కొనుక్కుంటారు. మా నాయిన పొలానికి పోయినా గట్టు మీద నిలబడి చూసి రావచ్చు. నాట్లు వేసే ఆడవాళ్ళకు ఆ వీలు లేదు. పొద్దున దిగితే సాయంత్రం దాకా ఆ బురదలోనే, వంగి, చేతులు కాళ్ళు అందులోనే. ఎక్కువమంది భూమి లేని దళిత, బీసీ కుటుంబాల ఆడవాళ్ళు. కాళ్ళకు కొబ్బరినూనె పట్టించి దిగుతారు, అయినా దురద, మంట, వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయిన చర్మం. ఆ చేతితో అన్నం కలుపుకుని తినలేక చెంచా వాడినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు చేసేది కైకిలి, ఒక్క పూట మానేసినా ఆ పూట కూలి పోయినట్టే. ఈ మధ్య మన దగ్గర నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి మగవాళ్ళ గుంపులు వస్తున్నారు, ఎకరానికింత అని మాట్లాడుకుని త్వరత్వరగా వేసి వెళ్ళిపోతారు. వాళ్ళకు ఆ నీళ్ళ గురించి చెప్పేవాళ్ళు కూడా లేరు. పుండ్లు పడితే ఏ ఆసుపత్రి రికార్డులోనూ మూసీ పేరు ఉండదు, వాళ్ళు ఊరెళ్ళిపోయి ఉంటారు.

పైన ఫ్యాక్టరీల్లోనూ అంతే. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు, చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. లోపల ప్రమాదాన్ని భరించేదీ, బయట నీళ్ళను భరించేదీ ఒకే రకం మనుషులు.

మేం పండించిన మూసీ వడ్లు మేం తినం. కొన్నేళ్ళుగా మా ఇంట్లో పద్ధతి అది, చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఇళ్ళలోనూ అదే. ఆ వడ్లు కొనుగోలు చేసే ఐకేపీ సెంటర్‌కు పోతాయి, మిల్లుకు పోతాయి, అక్కడి నుంచి ఎవరి పళ్ళెంలోకి పోతాయో మాకు తెలియదు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు నది పక్కన పెంచే గడ్డి సిటీ డెయిరీల బర్రెలకు మేతగా పోతుంది, ఆకుకూరలు సిటీ మార్కెట్లకు పోతాయి. ఇది దాచిపెట్టే విషయం అనుకునేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, బయటికి చెప్తే ధర పడిపోతుందని వాళ్ళ భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచినందువల్ల ఇన్నేళ్ళలో మాకు ఒరిగింది ఏమీ లేదు. ఈ ధాన్యంలో, గడ్డిలో, పాలలో ఏముందో ఏటా పరీక్ష చేసి బయటపెట్టండి. బాగానే ఉందని తేలితే మా మీద పడ్డ చెడ్డపేరు పోతుంది. బాగాలేదని తేలితే నష్టపరిహారం ఇవ్వాల్సింది ఎవరో కూడా తేలుతుంది.

ఇంకో విషయం. ఇది మీ ప్లానులో ఎక్కడా కనిపించలేదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. మాకు నీళ్ళు కావాలి! ఒకప్పుడు మూసీ వానాకాలం పారే నది. ఇవాళ ఏడాదంతా పారుతోందంటే సిటీ మురుగు వల్లే. ఆ నీళ్ళతోనే మాకు యాసంగి పంట వచ్చింది, ఆ నీళ్ళలో ఉన్న సత్తువతో యూరియా కూడా తక్కువ పడుతుంది. పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డి కాలువ, బునాదిగాని కాలువ, నది మీద వరసగా ఉన్న కత్వలు (చిన్న ఆనకట్టలు), వాటి కింద నిండే చెరువులు, ఇంకా కిందికి పోతే సోలిపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు, దాని కింద దాదాపు 30 వేల ఎకరాలు. ఇవన్నీ ఇవాళ ఈ నీళ్ళ మీద ఉన్నాయి. మాది ఫ్లోరైడ్ జిల్లా కూడా. బోరు లోతుకు పోతే ఫ్లోరైడ్, కాలువకు పోతే మూసీ, ఈ రెంటి మధ్య మా తాతల కాలం నుంచి నలుగుతున్నాం. కాబట్టి మురుగు ఆపండి అని మేం అన్నప్పుడు నీళ్ళు ఆపండి అని అర్థం తీసుకోవద్దు. రేపు శుద్ధి చేసిన నీళ్ళను టవర్లకూ, పార్కులకూ, ఫ్యాక్టరీలకూ అమ్మి, రివర్‌ఫ్రంట్‌లో పడవలు తిరగడానికి చెక్‌డ్యాములు కట్టి నిలిపేస్తే, గౌరెల్లి కింద మిగిలేది పొడి ఇసుక. ఇన్నేళ్ళు మురికి నీళ్ళు మాకు, శుభ్రమైన రోజు నుంచి నీళ్ళు మీకు అంటే ఎలా? శుద్ధి చేసిన నీళ్ళలో ఆయకట్టు వాటా ఎంతో టీఎంసీల్లో, నెలలవారీగా రాసి జీవో ఇవ్వండి. మాటగా చెప్తే ప్రభుత్వం మారిన రోజు ఆ మాట కూడా పోతుంది.

ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా గుర్తు చేయాలి. 2004, 2008, 2015లో మూడు విడతలుగా కృష్ణా నీళ్ళు హైదరాబాద్‌కు వచ్చాయి, నాగార్జునసాగర్ వెనుక నుంచి అక్కంపల్లి రిజర్వాయరుకు, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి. అది మా పాత ఉమ్మడి నల్గొండ జిల్లా గుండానే. మంచినీళ్ళు మా జిల్లా నుంచి పైకి ఎక్కాయి, వాడిన నీళ్ళు మూసీలో మళ్ళీ మా మీదికే దిగాయి, వాడపల్లి దగ్గర తిరిగి కృష్ణలో కలిసి పులిచింతలకు, ప్రకాశం బ్యారేజీకి పోతున్నాయి. విజయవాడ, గుంటూరు వైపువాళ్ళు కూడా ఇది తమకు సంబంధం లేని గొడవ అనుకోకూడదని ఈ మాట రాస్తున్నాను. ఇప్పుడు మల్లన్నసాగర్ రిజర్వాయరు నుంచి తెచ్చే 20 టీఎంసీల గోదావరి నీళ్ళలో 2.5 టీఎంసీలు మూసీకి అంటున్నారు. మల్లన్నసాగర్ కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళు మునిగాయి. ఆ నీళ్ళు నదిని కడగడానికి వస్తున్నాయంటే ఆ ఊళ్ళ మనుషులు ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించండి. ముందు మురుగును మూలంలో ఆపండి, కొత్త నీళ్ళు పోసి పలచన చేస్తే నది బాగుపడినట్టు కాదు.

మూలంలో ఆపడం కుదరని పని కాదని మీ లెక్కలే చెప్తున్నాయి. సిటీలో రోజుకు వచ్చే మురుగు సుమారు 195 కోట్ల లీటర్లని అన్నారు. పాత ఎస్టీపీల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు, కొత్తగా 31 ఎస్టీపీలతో ఇంకో 126 కోట్ల లీటర్లు. కూడితే ఒక్క చుక్క కూడా శుద్ధి కాకుండా మూసీలోకి రాకూడదు. మరి కత్వ దూకే చోట ఇంకా నురగ ఎందుకు లేస్తోంది? ఆ మురుగు ఎస్టీపీ దాకా చేరడం లేదా, చేరినా రసాయనాలు పోవడం లేదా, రాత్రిపూట ట్యాంకర్లలో తెచ్చి నాలాల్లో వదిలేవాళ్ళను పట్టుకోవడం లేదా? ప్రతి ఎస్టీపీ దగ్గర లోపలికి వచ్చిన నీళ్ళెన్ని, బయటికి పోయిన నీళ్ళెలా ఉన్నాయి అనేది రోజూ తెలుగులో అందరికీ కనిపించేలా పెడితే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. గౌరెల్లి దగ్గర, వలిగొండ దగ్గర, సోలిపేట దగ్గర, వాడపల్లి దగ్గర కూడా కొలవండి, బీవోడీ ఒక్కటే చాలదు, మందుల అవశేషాలు, లోహాలు, ఉప్పులు కూడా.

సిటీ లోపల నది ఒడ్డున ఉన్నవాళ్ళ గురించి కూడా మాట్లాడకుండా ఉండలేను. 2024 సెప్టెంబరు ఆఖర్లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాశారు, నది గర్భంలో ఉన్న ఇల్లు అని గుర్తు. వరద ముప్పు నిజమే, నదిలో ఇల్లు ఉండకూడదన్నదీ నిజమే. కానీ ఆ మనుషులు అక్కడికి ఎందుకు వచ్చారు? వాసన ఉన్నచోటే అద్దె తక్కువ కాబట్టి, ఇళ్ళల్లో పనిమనుషులకూ, ఆటో డ్రైవర్లకూ, తోపుడుబండ్ల వాళ్ళకూ సిటీ మధ్యలో దొరికిన జాగ అది ఒక్కటే కాబట్టి. నది కంపు కొట్టినంత కాలం వాళ్ళు అక్కడ ఉండొచ్చు, నది బాగుపడుతుంది అనగానే లేచిపోవాలి. డబుల్ బెడ్‌రూం ఇచ్చామంటారు, మంచిదే, అది పనిచేసే చోటికి ఎన్ని కిలోమీటర్లు, పిల్లల బడి ఎక్కడ, బస్సుకు రోజుకెంత అవుతుంది అనేది కూడా ఆ ఇంటి ఖరీదులో భాగమే. అదే పొడవునా నది బఫర్‌లోకి వచ్చిన పెద్ద కట్టడాలకు ఏ గుర్తు వేశారో, అవి ఎన్ని కదిలాయో ఆ లిస్టు కూడా బయటపెట్టండి.

ఇక 2025 నవంబరులో వచ్చిన పారిశ్రామిక భూముల పాలసీ. ఔటర్ లోపలా, చుట్టుపక్కలా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్ళకూ ఆఫీసులకూ మార్చుకోవచ్చన్నారు. కాలుష్యం సిటీ నుంచి బయటికి పోతుంది కాబట్టి మంచిదే అని సిటీలో నా స్నేహితులు చాలామంది అనుకుంటున్నారు. బయట అంటే ఎక్కడ? వాళ్ళు బయట అంటున్నది మా చౌటుప్పల్, మా బీబీనగర్, మా వలిగొండ. చౌటుప్పల్ చుట్టూ ఇప్పటికే మందుల కంపెనీలున్నాయి, అక్కడి బోర్ల గురించి అక్కడి రైతులను అడగండి. 2024 నవంబరులో కొడంగల్ వైపు లగచర్లలో జనం ఫార్మా భూసేకరణకు అంతగా ఎందుకు ఎదురు తిరిగారంటే, పటాన్‌చెరు ఏమైందో అందరూ చూశారు. ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు, సంతోషం. అయితే లగచర్లంత గొడవ చేయలేని ఊళ్ళో ఆ ఫ్యాక్టరీ దిగకుండా ఏ నియమం ఆపుతుంది? ఔటర్ బయట పెట్టే ఏ ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చినా, దాని నీళ్ళు ఏ వాగులో ఏ ఊరి దగ్గర కలుస్తాయో రాసి, ఆ వాగు కింద ఉన్న ఊళ్ళన్నిటిలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఫ్యాక్టరీ ఉన్న ఊరి హద్దు దగ్గరే ప్రజలు అయిపోరు, నీళ్ళు పారినంత దూరం ఉంటారు. సిటీలో భూములు మార్చుకున్నందుకు వచ్చే ఫీజులో కొంత భాగం, ఇన్నాళ్ళు ఆ ఫ్యాక్టరీల నీళ్ళు మోసిన ఊళ్ళకు చట్టబద్ధంగా రావాలి, తాగునీటికి, చర్మ రోగాల క్లినిక్కులకు, చెరువుల పూడిక తీతకు.

ముఖ్యమంత్రి గారు 2024 నవంబరు 8న మా వలిగొండ మండలం సంగెం దగ్గరికే వచ్చి మూసీ ఒడ్డున నడిచారు. ఆ రోజు మా వైపు జనం నిజంగా ఆశపడ్డారు, నేనూ ఆశపడ్డాను. ఇన్నేళ్ళలో ఈ నీళ్ళ దగ్గరికి అంత పెద్ద మనిషి వచ్చి నిలబడటం మాకు చిన్న విషయం కాదు. అందుకే ప్లానులో సంగెం లేకపోవడం మాకు ఎక్కువ బాధ. ఆ రోజు నడిచిన చోటు దాకా అయినా ప్రాజెక్టును పొడిగించండి, తర్వాత సోలిపేట దాకా, వాడపల్లి దాకా. సుందరీకరణ మాకేమీ వద్దు, లైట్లు వద్దు, వాకింగ్ ట్రాక్ వద్దు. కాలువలో దిగితే కాళ్ళు మండని నీళ్ళు చాలు.

ప్రాజెక్టు పూర్తి నివేదిక అయిన డీపీఆర్‌ను తెలుగులో పెట్టి, గౌరెల్లి కింద ఉన్న మండలాల్లో గ్రామసభలు జరపండి. తేదీలు ముందే చెప్పండి, నాట్ల రోజుల్లో పెట్టకండి. పొద్దున పదింటికి పెడితే వచ్చేది పట్టాదారులు మాత్రమే, సాయంత్రం ఆరు దాటాక పెట్టండి, కైకిలికి పోయినవాళ్ళు ఇంటికి వచ్చే టైం అది. మైకు ముందు వాళ్ళకే ఇవ్వండి.